రాటర్‌డ్యామ్‌లో సైరన్ మోగిన మధ్యాహ్నం

మిషిగన్‌లోని మా ట్రాయ్‌లో ప్రతి నెలా మొదటి శనివారం మధ్యాహ్నం సుడిగాలి వస్తే హెచ్చరించే టోర్నడో సైరన్‌ను ఒకసారి మోగించి చూస్తారు. ఇన్నేళ్లుగా వింటున్నదే అయినా, మొన్న ఇండియన్ స్టోర్ ముందు కారులో కూరలు సర్దుకుంటుండగా అది మోగేసరికి, చేతిలో సంచి వదిలేసి నేల మీద చతికిలబడ్డాను. పక్క కారావిడ, పాపం, నాకు కళ్లు తిరిగాయనుకుని మంచినీళ్లు ఇచ్చింది.

డెబ్బై ఒకటి యుద్ధమప్పుడు విశాఖపట్నంలో ఉన్నవాళ్లకు నేను వేరే చెప్పనక్కర్లేదు. కిటికీలకు నల్లకాగితాలు అంటించుకున్న ఆ రోజుల్లో, సైరన్ మోగితే బోర్లా పడుకుని, చెవుల్లో వేళ్లు పెట్టుకుని, నాలుక తెగకుండా పళ్ల మధ్య గుడ్డ కరిచిపట్టుకోవాలని మా అమ్మ మాకు ఎంతో ఓపికగా నేర్పింది.

పెళ్లయి మిషిగన్ వచ్చాక, మావారిని కార్ల కంపెనీ వాళ్లు ఓడరేవు పని మీద కొన్ని వారాలు రాటర్‌డ్యామ్ పంపితే, ఏడేళ్ల మా అమ్మాయిని తీసుకుని నేనూ బయల్దేరాను. పాతకాలపు రేవుపట్నం కదా అని ఎంతో ఊహించుకుంటే, ఎటు చూసినా అద్దాల మేడలే. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు పడి ఊరి నడిబొడ్డంతా తగలబడిపోతే మళ్లీ కట్టుకున్నారట. పాత చర్చిని కూడా కూలగా మిగిలిన గోడల మీదే తిరిగి నిలబెట్టారు. లోపల ఒక ఫోటోలో చుట్టూ శిథిలాలు, మధ్యలో కప్పు లేని ఆ చర్చి. అంతకుముందు రోజు కూడా అక్కడ జనం కూరగాయలు బేరమాడే ఉంటారు కదా అనిపించింది. పాప చెయ్యి పట్టుకుని గబగబా బయటికి వచ్చేశాను.

అంతలో ఊరంతా సైరన్ అందుకుంది.

అచ్చం మా విశాఖ మోతే. మావారు రేవులో ఉన్నారు, ఆ ఊళ్లో నాకు మరో మనిషి తెలియదు, బిడ్డను ఎలా దక్కించుకోవాలన్నది తప్ప బుర్రలో ఇంకేమీ లేదు. పాపను గోడవారగా బోర్లా పడుకోబెట్టి, దాని మఫ్లర్ కొస పళ్ల మధ్య పెట్టి, "కరిచిపట్టుకో తల్లీ, వదలకు" అంటూ పైన అడ్డం పడుకున్నాను. అది చెప్పినట్టే కరిచిపట్టుకుంది. జనం మాత్రం సైకిళ్ల మీద తాపీగా పోతున్నారు, అది చూస్తే ఇంకా భయమేసింది.

అప్పుడొక ముసలావిడ మా పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. పిల్ల నోట్లో మఫ్లర్ చూడగానే ఆవిడకు సంగతి అర్థమైపోయింది. "టెస్ట్, ఓన్లీ టెస్ట్, ఎవ్రీ మంత్" అని నా వీపు నిమిరింది. చిన్నప్పుడు, ఆ బాంబులు పడ్డ రోజు, తనూ ఆ ఊళ్లోనే అలా నేల కరుచుకుని పడుకుందట. నాకు ధైర్యం చెబుతూనే, సైరన్ ఆగేదాకా తనూ నేల మీంచి లేవలేదు.

"అమ్మా, నౌ వదలొచ్చా?" అని మా అమ్మాయి ముద్దముద్దగా అడిగింది.

ఇప్పుడు దానికీ ఒక కూతురు, ఒకటో తరగతి. బళ్లోకి ఎవరైనా తుపాకీతో వస్తే ఏం చేయాలో అక్కడే నేర్పుతున్నారట. ఆ పాఠం నాకూ చెబుతానని మొన్న గదిలో లైటు ఆర్పి, తలుపేసి, నన్ను బట్టల అలమరలో తన పక్కన కూర్చోబెట్టుకుంది. కాసేపటికి నా మోకాలు తట్టి, "అమ్మమ్మా, నువ్వు టూ లౌడ్‌గా బ్రీత్ చేస్తున్నావు" అని గుసగుసలాడింది. మా కాలంలో భయం ఊరందరికీ చెప్పి వచ్చేది, ఏం చేయాలో పెద్దవాళ్లు పిల్లలకు నేర్పేవారు. ఇప్పుడు నా మనవరాలు నాకు నేర్పుతోంది, ఆ చీకట్లో దాన్ని పొదివి పట్టుకోవడం తప్ప నాకేమీ చేతకాలేదు.