బ్రేకు మీది బొటనవేలు

ఆ డిపోలో బస్సు నడిపే ఆడమనిషి ఆమె ఒక్కతే. అందుకే పేరుతో పని పడలేదు. మేనేజరు నుంచి బస్సులు కడిగేవాళ్ళ దాకా అందరికీ ఆమె డ్రైవరమ్మే. ముక్కు మీద కోపం, నోట్లో దురుసు మాట, స్టీరింగు మీద మాత్రం నిద్రపోతున్న పసిబిడ్డను ఎత్తుకున్నంత నెమ్మది. చేరిన కొత్తలో ఆమె బస్సును వెనక్కి తీస్తుంటే మగ డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని వరసగా నిలబడి చూసేవారు, ఎక్కడ గోడకు తగిలిస్తుందా అని. తగిలించలేదు. చూసి చూసి వాళ్ళకే విసుగొచ్చింది.

అలాంటి మనిషిని కుడికాలి బొటనవేలు ఏడిపించింది.

డిపో ఇచ్చిన నల్లబూట్లు ముందువైపు కోసుగా ఉండేవి. ఆమెది వెడల్పు పాదం. పొద్దున తొడిగితే సాయంత్రం దాకా వేళ్ళు ఒకదాన్నొకటి తొక్కుకుంటూ లోపల ఇరుక్కునేవి. బొటనవేలి గోరు అంచు పక్క చర్మంలోకి దిగడం మొదలైనప్పుడు ఆమె పట్టించుకోలేదు. సలుపు ఎక్కువయ్యాక బ్లేడు తీసుకుని గోరు మూలను లోతుగా కోసేసింది. కొన్నాళ్ళు హాయిగా ఉంది. తర్వాత ఆ గోరే ముల్లులా మొనదేరి పెరిగి, ఇంకా లోతుకు దిగింది. మళ్ళీ కోసింది. మళ్ళీ దిగింది. చివరికి వేలు పక్కన ఎర్రగా ఉబ్బి చీము పట్టింది.

ఆమె భర్త దర్జీ. నెమ్మదస్తుడు. గుమ్మంలో ఆమె బూట్లు విప్పుతూ పళ్ళు కొరుక్కోవడం చూసి మిషను ఆపి లేచాడు.

"ఏదీ, చూపించు."

"ఏం లేదండీ, గోరు."

"గోరా? వేలు టమాటాలా ఉంటేనూ! డాక్టరు దగ్గరికి పద."

"వెళ్తే సెలవు పెట్టాలి. పెడితే ఏమంటారో తెలుసా? కాలి గోరుకే కూలబడింది, ఆడదానికి బస్సెందుకూ అంటారు. ఆ మాట వాళ్ళ నోట రానివ్వను."

"ఊరందరితో పోట్లాడతావు. ఆ గోరు ముందు మాత్రం తల వంచావేం?"

ఆమె గుడ్లురిమి చూసింది. ఆయన మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకున్నాడు.

ఆ వారంలోనే వంతెన దిగుతుండగా ఒక స్కూటరు అడ్డొచ్చింది. ఆమె బ్రేకు తొక్కింది. వేలిలోంచి మోకాలి దాకా కరెంటు కొట్టినట్టయి పాదం తనంతట తానే వెనక్కి వచ్చేసింది. పంటి బిగువున మళ్ళీ తొక్కింది. స్కూటరుకు జానెడు దూరంలో బస్సు ఆగింది. స్కూటరు అతను వెనక్కి కూడా చూడకుండా వెళ్ళిపోయాడు.

ఆమె బస్సును పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేకు లాగి, ఇంజను ఆపేసింది.

"తమ్ముడూ, అందర్నీ దించెయ్. వెనకొచ్చే బస్సు ఎక్కించు. నేనిక నడపను," అంది కండక్టరుతో.

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "డిపోలో కారణం అడుగుతారక్కా. బండి పాడైందని చెప్పేద్దామా?"

"బండికేం రోగం? బంగారంలా ఉంది. కాలు బాగాలేదు నాకు. అదే చెప్పు."

దిగుతూ ఒకాయన గొణిగాడు, ఆడవాళ్ళ చేతికిస్తే ఇంతేనని.

"కాలు పనిచెయ్యని డ్రైవరు వెనక కూర్చుంటారా, కాసేపు రోడ్డు మీద నిలబడతారా?" అంది ఆమె, గొంతు ఏమాత్రం తగ్గించకుండా. "నేనైతే నిలబడతాను."

ఆయన వెళ్ళి మిగతావాళ్ళ పక్కన నిలబడ్డాడు.

డిపోలో మేనేజరు నవ్వాపుకోలేకపోయాడు. "గోరుకి బస్సు ఆపేశారా! మీకెందుకమ్మా ఈ తంటా? టిక్కెట్ల కౌంటర్లో వేస్తాను, హాయిగా ఫ్యాను కింద కూర్చోండి."

ఆమె అక్కడే బూటు విప్పి, మరకలైన సాక్సు లాగేసి, కాలు ఎదుటి కుర్చీ మీద పెట్టింది.

"మొహం తిప్పుకోకండి సార్, చూడండి. ఇందులో సగం మీరిచ్చిన బూటు చేసింది, సగం నా బ్లేడు చేసింది. ఆ రెండూ మార్చుకుంటాను. సీటు మాత్రం మారను."

డాక్టరమ్మ వేలు చూడగానే అడిగింది, "మూలలు ఎవరు కోశారు?"

"నేనే."

"షుగరుందా?"

"లేదు."

"బతికించారు. ఉంటే ఇంతటితో పోయేది కాదు."

వేలి మొదట్లో మత్తు సూది గుచ్చినప్పుడు డ్రైవరమ్మ వేసిన కేకకు బయట కూర్చున్న భర్త లేచి నిలబడ్డాడు. ఆ తర్వాత నొప్పి తెలియలేదు. డాక్టరమ్మ గోరు అంచును నిలువునా సన్నగా కోసి, మాంసంలో దాగిన ముక్కను బయటికి లాగింది. కట్టు కడుతూ మందలించింది:

"మొదట్లోనే గోరువెచ్చని నీళ్ళలో కాలు నానబెట్టి, తడి లేకుండా తుడుచుకుని, వదులు చెప్పులు వేసుకుని ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఇకమీదట గోరు అడ్డంగా, తిన్నగా కత్తిరించండి. మూలలు గుండ్రంగా చెయ్యొద్దు, మరీ పొట్టిగానూ వద్దు. బూట్లో వేళ్ళు ఆడాలి."

"బ్రేకు ఎప్పుడు తొక్కొచ్చు?"

"నొప్పి లేకుండా గట్టిగా అదమగలిగినప్పుడు. అప్పటిదాకా కాలు ఎత్తులో పెట్టుకుని కూర్చోండి."

ఆ కూర్చోవడమే సూది కన్నా కష్టమైంది. కట్టు విప్పాక ఆమె రోజూ వంటింటి గోడకు పాదం ఆనించి తన్ని చూసుకునేది. "కాలు బాగుపడేలోగా గోడ పడేట్టుంది," అనేవాడు భర్త.

ముందువైపు వెడల్పుగా ఉన్న కొత్త నల్లబూట్లతో ఆమె డ్యూటీకి వెళ్ళింది. మేనేజరు కళ్ళు నేరుగా వాటి మీద పడ్డాయి.

"ఇవి డిపో బూట్లు కావే?"

"కావు. నల్లవి, మూసి ఉన్నవి, లేసులున్నవి. రూలు అంతవరకే. మొన ఎంత సన్నగా ఉండాలో అందులో లేదు."

"సరే, ఈ ఒక్కసారికీ..."

"ఒక్కసారికి కాదు సార్, రోజూ."

అతను డ్యూటీ రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు. అన్నిటికన్నా పాత బస్సు, అన్నిటికన్నా గతుకుల రూటు ఆమెకు వేశాడు. ఆమె తాళం అందుకుంది. గతుకు ఎదురైనప్పుడల్లా బ్రేకు గట్టిగా తొక్కి, ఏ నొప్పీ లేదని తెలిసి తనలో తాను నవ్వుకుంది.

ఒక మధ్యాహ్నం, రిటైర్మెంటు దగ్గరపడ్డ పెద్ద డ్రైవరు వచ్చి ఆమె పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. అటూ ఇటూ చూసి అడిగాడు.

"ఆ డాక్టరు ఎక్కడమ్మా ఉండేది?"

"ఎందుకు బాబాయ్?"

ఆయన బూటు విప్పి సాక్సు దించాడు. అదే వేలు, అదే వాపు, అలాగే మూలలు కోసిన గోరు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"ఏళ్ళ నుంచి. మగాడు గోరు నొప్పని ఎలా చెప్పుకుంటాడే?"

"నోటితో," అంది ఆమె. "ముందు ఆ బ్లేడు అవతల పారెయ్యండి. రేపు నేనే తీసుకెళ్తాను."

ఆయన తర్వాత ఒక మెకానిక్ వచ్చి తన వేలు చూపించాడు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు. డిపో మళ్ళీ అవే కోసు బూట్లు పంచిన రోజున డ్రైవరమ్మ తన బూట్ల పెట్టె విప్పకుండానే తీసుకెళ్ళి మేనేజరు బల్ల మీద పెట్టింది. పెద్ద డ్రైవరు తన పెట్టె దాని మీద పెట్టాడు. చూస్తుండగానే పెట్టెలు మేనేజరు మొహం కనబడనంత ఎత్తుకు లేచాయి.

డిపో బూట్లు మారలేదు. కానీ సరిపోనివాళ్ళు తమ పాదానికి తగ్గ నల్లబూట్లు వేసుకోవచ్చని మేనేజరు ఒప్పుకోక తప్పలేదు.

"ఇదంతా మీవల్లేనమ్మా," అన్నాడు మొహం మాడ్చుకుని.

"అవును సార్, నావల్లే," అని ఆమె బస్సెక్కింది.