ఖాళీ నేలను అడిగే మనిషి

మా నందికొట్కూరులో ఇల్లు కట్టాలంటే ముందు ప్లాను గీయించి అనుమతి తీసుకోవాలి. మాకు ప్లాను గీసిన సర్వేయరు ఇప్పటికీ గుర్తొస్తాడు. ఏ స్థలానికి పోయినా టేపు తీయకముందు చెప్పులు విడిచి, "కొలుచుకుంటాండా, సరేనా?" అని ఖాళీ నేలను అడిగేవాడు. కాసేపు నిలబడి, తల ఊపి, పని మొదలుపెట్టేవాడు.

మా స్థలంలో మాత్రం చాలాసేపు నిలబడినాడు. అంత ఎండలోనూ ఆయన చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

"తూర్పు మూల గది వద్దప్పా. ప్లానులో ఆడ ఖాళీ చూపిస్తా."

"రూలు ప్రకారం చుట్టూ జాగా వదిలినాం కద సార్?"

"రూలు కోసం కాదు."

ఆ గది నా భార్య కుట్టుమిషన్ కోసం. అప్పటికి మూడేళ్లుగా ఆమె అద్దె ఇంటి వరండాలోనే దుమ్ములో కూర్చుని కుడుతుండేది. అందుకే అనుమతి వచ్చినాక, ప్లానులో లేకపోయినా, ఆ మూలలో పునాది తవ్వించినాను.

మోకాటి లోతుకు పోయేసరికి కూలీ చేతిలోని గడ్డపార జారి నేలలోకి మాయమైంది. రెండు మూడు క్షణాలకు కింద నీళ్ల చప్పుడు వినిపించింది. అతని కాళ్ల కింద బండ కదులుతుంటే రెక్కలు పట్టి బయటికి లాగినాం. బండల కింద పాత బావి ఉంది. ఆ సంగతి వీధిలో ముసలివాళ్లకు కూడా తెలియదు.

నేరుగా పోయి సర్వేయరుకు చెప్పినాను. "మీకెట్ల తెలిసింది సార్?"

ఆయన ఆశ్చర్యపోలేదు. "అడిగినా కదప్పా. శానా కింద నుంచి ఒకామె వద్దనింది," అని, ఇంకొకరి ఇంటి ప్లాను మీద స్కేలు పెట్టినాడు.