తుర్గునాలి వీడ్కోళ్లు

కోకండ్‌లో రొట్టెలు కాల్చే తుర్గునాలికి ఒకే ఒక్క వ్యసనం: సోషల్ మీడియా మానేయడం. మానేస్తున్నానని చెప్పడానికి కూడా ఆయనకు సోషల్ మీడియానే కావాలి. తందూరు ముందు నిలబడి, మీసానికి అంటిన పిండి దులుపుకొని, దీనంగా “మిత్రులారా, ఇక సెలవు” అనేవాడు. ఆ వీడియో తీయాల్సింది భార్య మంజూర. కన్నీరు సరిగ్గా కనబడలేదంటూ మళ్లీ మళ్లీ తీయించేవాడు.

ఆ ఊళ్లో ఎవరైనా దూరం బయలుదేరితే రొట్టె ఒక మూల కొరికి వెళ్తారు. మిగతాది గోడకు వేలాడుతుంది, తిరిగొచ్చి తినాల్సింది వాళ్లే. తుర్గునాలి ఫోనులోంచి వెళ్లేటప్పుడు కూడా రొట్టె కొరికి మేకుకు తగిలించేవాడు.

“మీరేమైనా యుద్ధానికెళ్తున్నారా?” అని మంజూర దెప్పేది.

“కొరక్కుండా వెళ్లడం మంచిది కాదే.”

వారం తిరక్కుండానే రొట్టె పిలుస్తోందంటూ వచ్చేసేవాడు. ఆ ఎండురొట్టె టీలో ముంచుకు తినే వీడియోకు జనం ఇంకా ఎగబడేవారు. తాష్కెంట్ నుంచి కార్లలో దిగి, రొట్టెను గుండెకు హత్తుకుని ఫొటోలు దిగేవారు. తినేవాళ్లు తక్కువ.

వాళ్లంతా సందు మొదట్లో ఉన్న ఓయ్‌దిన్ ఖోలా తందూరును దాటుకునే వచ్చేవారు. తుర్గునాలికి పిండి పిసకడం నేర్పింది, ఊరంతా ఖోలా, అంటే పిన్ని, అని పిలిచే ఆ ముసలావిడే. భర్త పోయాక ఆ పొయ్యే ఆవిడకు ఆధారం. ఒక మధ్యాహ్నం ఆవిడ అమ్ముడుపోని రొట్టెల బుట్టతో వచ్చి మంజూర పక్కన కూలబడింది.

“ఇక పొయ్యి ఆర్పేస్తానమ్మా. నా చేతి రుచి పోయినట్టుంది.”

తుర్గునాలి విననట్టే పిండి పిసుకుతున్నాడు. మంజూరకు ఒళ్లు మండింది.

ఆ సాయంత్రమే మళ్లీ వీడ్కోలన్నాడు. ఈసారి కన్నీళ్లూ లేవు, మళ్లీ తీయడమూ లేదు. రెండు ముక్కలు చెప్పి, ఏకంగా పేజీయే తీసేశాడు. మర్నాడు కార్లు దిగినవాళ్లకు తన తందూరు పగిలిందని, ఖోలా దగ్గరికి వెళ్లమని చెప్పాడు. వీధివాళ్ల రొట్టెలు మాత్రం ఆ పగిలిన తందూరులోనే చక్కగా కాలాయి.

మంజూర గోడ వైపు చూసింది. మేకు ఖాళీగా ఉంది.

“రొట్టె కొరకడం మర్చిపోయారు.”

“మర్చిపోలేదు” అన్నాడు తుర్గునాలి, తలెత్తకుండా.

అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు. వెనకటి వీడ్కోళ్లన్నీ ఖోలా నిండు బుట్టతో ఇంటికి వెళ్లిన రోజుల్లోవే. ఇన్నాళ్లూ ఆయనలో జాలి మొదలయ్యేది, కొరికిన రొట్టె వంకతో డాబు దాన్ని మింగేసేది. ఆమెకు మొగుడి మీద ప్రేమ పొంగింది. పైకి మాత్రం పిండి బస్తా జరపమంది.

కొన్నాళ్లకు ఖోలా ముందు జనం బారులు తీరారు. ఆ బారు పొడవునా తిరుగుతూ, ఇలాంటివి పైకి చెప్పుకోకూడదంటూనే, తానెంత గుట్టుగా త్యాగం చేశాడో ఒక్కొక్కరికీ చెప్పసాగాడు తుర్గునాలి.

“నాయనా, రొట్టె తీసుకుంటావా, దారి వదులుతావా?” అంది ఖోలా, వేడి రొట్టె ఒకటి చేతిలో పెట్టి.

ఆయన దాన్ని నోటిదాకా తీసుకెళ్లి, మంజూర వైపు చూసి ఆగాడు. కొరకలేదు. ముక్క తుంచుకుని తిన్నాడు.