గడియకు అవతల దీనమ్మత్త

ఇదొక మహాగాథ. ఇందులో సముద్రముంది, ఎడారి ఉంది, వియోగముంది, మూసిన ద్వారం ముందు కూర్చుని ఒక స్త్రీ పలికిన మాటలున్నాయి. ఇలా మొదలుపెడితే ఘనంగా ఉంటుందని పొద్దుటి నుంచి అనుకుంటున్నాను. నిజానికి ఆ ద్వారం మా బాత్రూముది. ఈ అరబ్బు దేశంలో, కరామాలో మేమింకా ఉంటున్న ఆ పాత ఫ్లాటులో ఈ ఉదయం గడియ వేస్తుంటే కీచుమని ఒక చప్పుడు వచ్చింది. ఇరవై ఒకటేళ్ళవాణ్ణి, ఆ చప్పుడుకి ఎనిమిదేళ్ళవాణ్ణయిపోయాను. "ఒరేయ్ శీనూ, నాకు డూటీ టయిమైపోతందిరా" అని అవతల నుంచి దీనమ్మత్త అరుస్తుందేమోనని ఆగాను. ఎవరూ అరవలేదు.

దీనమ్మత్త మాకు చుట్టం కాదు. కోనసీమ నుంచి వచ్చి ఒక అరబ్బుల ఇంట్లో పిల్లల్ని చూసుకునేది. మా ఫ్లాటులో రెండో గది ఆమెది, మరో ఇద్దరు ఆడవాళ్ళది. మొదటి గది మాది. అమ్మా నేనూ వారమంతా ఉంటే, నాన్న గురువారం సాయంత్రం వచ్చేవాడు. దూరాన ముసఫ్ఫాలో వెల్డింగ్ ఫోర్‌మన్. శనివారం తెల్లవారగానే కంపెనీ బస్సెక్కాలి. సరిగ్గా ఆ వేళకి నేను బాత్రూములో దూరి గడియ పెట్టేవాణ్ణి. ఆరుగురికి ఒకటే బాత్రూము కాబట్టి నా తిరుగుబాటుకి మంచి ప్రచారం దొరికింది. అంతకుముందు నాన్న బూట్లు బియ్యం సంచిలో దాచాను, బళ్ళో పక్కవాణ్ణి కొరికాను. అందరూ నన్ను మొండి అన్నారు. నాకూ ఆ పేరు నచ్చింది. పిరికి కన్నా మొండి నయం.

అసలు సంగతి పక్క ఫ్లాటు లింగన్నది. ఒక శనివారం సైటుకి వెళ్ళాడు. తిరిగి రాలేదు. తాడుతో కట్టిన అతని పెట్టెను నలుగురు మెట్లమీదుగా దించడం నేను చూశాను. అడిగితే అమ్మ "ఊరికి పోయిండు" అంది. మనిషి లేకుండా పెట్టె ఎలా పోతుందో చెప్పలేదు.

ఇలా శనివారాలు వరసగా బడి ఎగ్గొట్టేసరికి హెడ్మాస్టరు నాన్నను పిలిపించి, ఇంకొక్క నెల ఇలాగే అయితే పేరు కొట్టేస్తానన్నాడు. "బడే లేకుంటే ఇక్కడ ఎందుకు? తల్లీకొడుకులిద్దరు ఊరికి పోండ్రి" అన్నాడు నాన్న. నాన్న దూరమవుతాడన్న భయంతో నేను వేస్తున్న గడియే నన్ను నాన్నకు దూరం చేయబోతోంది. మరుసటి శనివారానికి నాన్న స్క్రూడ్రైవరు తెచ్చి గడియే పీకేశాడు. నేను మూత పెట్టిన నీళ్ళ బకెట్టు తలుపుకి అడ్డం పెట్టి దానిమీద కూర్చున్నాను.

"తలుపు పలగ్గొట్టాల్నా?" అని నాన్న.

"పోనీయుండ్రి, ఇయ్యాల బడి వద్దు తీయుండ్రి. పాలు కలిపిస్త, రా బిడ్డా" అని అమ్మ.

"నెట్టకండన్నయ్యా" అంది దీనమ్మత్త. నేలమీద చతికిలబడిన చప్పుడయింది. "ఏంట్రా నీ భయం?"

"నాకేం భయంలే."

"నాకుందిరా బాబూ. లేటయితే మా మేడమ్ మొహం చూడాలి."

నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే "నాన్న పెట్టె కూడ తాడు కట్టుకొని వస్తదా?" అన్నాను.

నాన్న, "నోరు ముయ్యి, ఏం మాటలురా అవి!"

"చూశావా వదినా? ఒకళ్ళు నోరు ముయ్యమంటారు, ఒకళ్ళు పాలిత్తానంటారు. ఆడు అడిగినదానికి జవాబు మాత్రం ఎవరూ చెప్పరు" అంది దీనమ్మత్త. తర్వాత నాతో, "అలా జరగదని నే మాటివ్వలేన్రా. కానీ ఇన్ని గురువారాలూ వచ్చాడుగా. భయముందని చెప్పు, చెప్పి బయటికి రా. అది పోయాక వత్తానంటే నీ గెడ్డం నెరిసిపోద్ది."

"భయముంది" అన్నాను. బకెట్టు జరిపాను. ఆ సాయంత్రం దీనమ్మత్త పట్టుబట్టి అమ్మ చేత గడియ మళ్ళీ పెట్టించింది. మూసుకోగలిగితేనే తెరవడం వస్తుందట.

ఆ పొద్దున దీనమ్మత్త నా చెయ్యి పట్టుకుని కింద దాకా వచ్చింది. నాన్న బస్సు వెళ్ళడం చూసి, నా స్కూలు బస్సెక్కాను. మరుసటి వారం ఆఖరి మెట్టుమీద ఆగిపోయింది. ఆ తర్వాత వారం ఒక మెట్టు పైన. మా మెట్లు పంతొమ్మిది. చివరికి ఆమె ఫ్లాటు గుమ్మంలోనే నిలబడి పళ్ళు తోముకుంటుంటే నేను ఒక్కణ్ణే దిగిపోయాను. బళ్ళో పేరు నిలిచింది. పక్కవాడి చెయ్యి కూడా నిలిచింది.

నాకు పదేళ్ళప్పుడు ఆమె వీసా రెన్యువల్ కాలేదు. "పిల్లలు పెద్దోళ్ళయిపోయారు, వీసా ఇచ్చిన కఫీల్ ఖలాస్, ఇక చాలు అన్నాడు" అని తేలిగ్గా చెప్పింది. వెళ్ళే రోజు పొద్దున్నే నేను బాత్రూములో దూరి గడియ పెట్టాను. ఆమె వచ్చి పాత చోటే కూర్చుంది.

"భయమేత్తందా?"

"లే. కడుపునొప్పి."

ఆ బకెట్టు రోజు తర్వాత ఆమెకు నేను చెప్పిన అబద్ధం అదొక్కటే. కింద టాక్సీ హారన్ కొట్టింది. "సరే నాన్నా, మెట్టుమెట్టుకీ ఆగి చూత్తాను" అని లేచింది. ఆగింది కూడా. చెప్పుల చప్పుడు లెక్కపెట్టాను, పంతొమ్మిది. "భయముంది" అన్న ఒక్క మాట నోట్లోనే ఉండిపోయింది. నేను కిందికి వచ్చేసరికి టాక్సీ లేదు.

ఆ రాత్రి కాదు, మరుసటి శనివారం, నేను లోపలుండగా ఆమె కూర్చున్న చోట నాన్న కూర్చున్నాడు. "బస్సెక్కేటప్పుడు నాక్కూడ అట్లనే అయితదిరా" అన్నాడు. నేను కరిగిపోయి తలుపు తీశాను. ఆయన నన్ను పక్కకి జరిపి గబగబా లోపలికి వెళ్ళాడు.

దీనమ్మత్తకు పంపుదామని మూడుసార్లు కేసెట్ రికార్డు చేశాను. ప్రతిసారీ జోకుతో మొదలుపెట్టాను, అసలు మాట రాకముందే ఆపేశాను. మూడూ సొరుగులోనే ఉన్నాయి. ఆమె ఊరికి వెళ్ళేవాళ్ళు చాలామంది మా మెట్లు దిగారు, ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఇప్పటికీ ఇంటర్వ్యూ గుమ్మం ముందైనా, ఆసుపత్రి గుమ్మం ముందైనా "భయముంది" అని పక్కనున్నవాళ్ళకి చెప్పి లోపలికి వెళ్తాను. చెప్పాల్సిన మనిషికి తప్ప అందరికీ చెప్పగలను.

గడియ తుప్పు పట్టింది. రెండు స్క్రూలు కావాలి. శుక్రవారం, నమాజు రోజు కాబట్టి హార్డ్‌వేర్ షాపువాడు నాలుగు తర్వాతే తెరుస్తాడు.