హీటర్ గొంగోర్

ఈ మధ్య హాండ్మా పొద్దున్నే టీ వేడివేడిగా తాగుతోంది. కారు కొన్న ఇరవయ్యేళ్ళలో ఏ చలికాలమూ ఆవిడకు ఆ యోగం పట్టలేదు. ఉప్పేసిన పాల టీ గిన్నెలో పోసుకుని పెదవి దాకా తెచ్చేసరికి వాకిట్లోంచి కేక వినిపించేది.

"ఏమేవ్! నీ చెయ్యి ఓసారి ఇటియ్యి!"

కేకేసేది ఆవిడ మొగుడు గొంగోర్. బడి బాయిలర్‌లో బొగ్గు వేసే మనిషి. తాగుడు లేదు, పేకాట లేదు. ఉన్నదల్లా ఒకటే పిచ్చి. కార్లో హీటర్. సొంత కారనే కాదు, ఎవరి కారైనా సరే.

చలికాలంలో మనిషి మనిషికి ఎదురైతే "చలికాలం సుఖంగా గడుస్తోందా?" అని అడగడం మర్యాద. గొంగోర్ మాత్రం "హీటర్ సుఖంగా ఉందా?" అని అడిగేవాడు. ఎదుటివాడు ఉందన్నా లేదన్నా ఒకటే. తలుపు తీసుకుని కార్లోకి దూరి, చేతి తొడుగు విప్పి, గాలి వచ్చే కంత ముందు అరచెయ్యి పెట్టి, నాడి చూసే వైద్యుడిలా కళ్ళు మూసుకునేవాడు. తరవాత ఆ చేతినే కంత పక్కన ఆనించి లేచేవాడు. బొగ్గు చెయ్యి. ఊళ్ళో ఎన్ని కార్లున్నాయో అన్ని నల్లటి అరచేతి ముద్రలు. కొత్త సంవత్సరం మొదలయ్యే తెల్లనెల పండగ ముందురోజు ఊరంతా ఇళ్ళూ కార్లూ కడుక్కుంటారు కదా, ఆ రోజు ఆడవాళ్ళు అతన్ని తలుచుకోకుండా గుడ్డ తడిపేవాళ్ళు కాదు. హాండ్మా కూడా ఏటా తమ కార్లో ముద్ర తుడిచేది. పండగ మర్నాడే అతను కొత్తది వేసేవాడు.

ఒకసారి పట్నం నుంచి పెద్ద అధికారి బడి చూడ్డానికి వచ్చాడు. "బాయిలర్ ఎలా ఉంది?" అని అడిగాడు.

"బాయిలర్‌కేం, రాయిలా ఉంది. మీ కారుకే ఒంట్లో బాగాలేదు" అన్నాడు గొంగోర్. అధికారి గదిలో మాట్లాడుతుండగానే బయట అతని కారు బానెట్ లేచింది. ఆయన రెండు గంటలు ఆలస్యంగా బయల్దేరాడు. అయితే కోటు గుండీలు విప్పుకుని బయల్దేరాడు.

గొంగోర్ లెక్కలో హీటర్ బాగుపడ్డట్టు గుర్తు అదే. "ముందు సీటువాడి మాట నమ్మకూడదు. వాడికెప్పుడూ వెచ్చగానే ఉంటుంది. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు గుండీలు విప్పాలి. అప్పుడే అది హీటరు" అనేవాడు. అందుకని పరీక్ష కోసం ఊళ్ళో ముసలమ్మల్ని వెనక కూర్చోబెట్టి తిప్పేవాడు. వాళ్ళు ఎలాగూ బజారుకో ఆస్పత్రికో పోవలసినవాళ్ళే. దార్లో దింపేసేవాడు.

పక్కింటి పురెవ్ వ్యవహారం వేరు. ఓసారి ఎడారిలాంటి మైదానంలో అతని కారు రేడియేటర్ నీళ్ళు కారిపోయాయట. దగ్గర నీళ్ళు లేవు. ఫ్లాస్కులో పాల టీ ఉంది. పోసేశాడు. ఇంటికైతే చేరాడుగానీ ఆ తరవాత హీటర్లోంచి ఊపిరి కూడా రాలేదు.

గొంగోర్ గొట్టం ఊడదీసి వాసన చూశాడు. "ఒరేయ్, ఇందులో టీ పోశావా?"

"ఛ ఛ! లేదన్నా."

"మీ ఆవిడ పెట్టిన టీయే. వెన్న ఎక్కువ వేస్తుంది. ఇదుగో, లోపల గడ్డకట్టి కూర్చుంది."

దాన్ని కడగడానికి మూడు రోజులు పట్టింది. ఆ మూడు రోజులూ పురెవ్ ఇంట్లో టీ ముట్టుకోలేదు గొంగోర్.

ఇంతమందికి ఒంటిచేత్తో చేసిపెట్టే మనిషికి సొంత కారు దగ్గర మాత్రం పెళ్ళాం చెయ్యి కావలసి వచ్చేది. "బాయిలర్ దగ్గర కాలికాలి నా చేతులకు స్పర్శ చచ్చిపోయిందే. నువ్వు పట్టుకుని చెప్పు" అనేవాడు. ఇంజన్ వెనక నుంచి లోపలి హీటర్లోకి రెండు గొట్టాలు పోతాయి. కుడివైపుది ఎప్పుడూ హాండ్మాది. ఎడమవైపుది గొంగోర్‌ది. పట్టుకుని నిలబడ్డంత సేపూ అతను పాఠం చదివేవాడు. "రెండూ వేడిగా ఉండి లోపల గాలి చల్లగా వస్తే, లోపలి రేకు తలుపు మూసుకుపోయింది. రెండూ గోరువెచ్చగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది. ఒకటి వేడి, ఒకటి చల్లనైతే నీళ్ళు తిరగట్లేదు. ఎయిర్ పట్టిందో, చెత్త అడ్డుపడిందో. వింటున్నావా?"

"నా టీ చల్లారిపోతోంది, వింటున్నావా?" అనేది హాండ్మా.

పోయినేడు పండగ అయిన పదో రోజున గొంగోర్ బాయిలర్ దగ్గర కుర్చీలో కూర్చుని నిద్రపోయినట్టే పోయాడు.

ఇప్పుడు మళ్ళీ పండగ వస్తోంది. కూతురు నొమున్ పట్నం ఆస్పత్రిలో ఆడపిల్లను కంది. అల్లుడు పశువుల మందతో దూరంగా చలికాలపు మకాంలో ఉన్నాడు. ఎనిమిది రోజుల పిల్లను మూడు గంటల దారి తీసుకురావలసింది హాండ్మాయే. బయట సున్నాకు ముప్ఫై అయిదు డిగ్రీలు కింద. కారు స్టార్టయింది. హీటర్ తిప్పితే గాలి వచ్చింది. పెరట్లో గాలికీ దానికీ తేడా లేదు.

పురెవ్ వచ్చి చూశాడు. "చలిగాలి కొట్టకుండా రేడియేటర్ ముందు అట్ట పెడదాం వదినా."

"పెట్టే ఉంది."

"ఇంకోటి పెడదాం."

"నీకు జలుబు చేసినా అట్టే పెట్టుకుంటావా?" అని హాండ్మా బానెట్ ఎత్తింది. స్టీరింగు వెనక వేడి చూపించే ముల్లు మధ్యకు వచ్చేదాకా ఆగింది. అంటే ఇంజన్ వేడెక్కినట్టే. తొడుగు విప్పి కుడివైపు గొట్టం పట్టుకుంది. వేడిగా ఉంది, ఎప్పట్లాగే. ఇరవయ్యేళ్ళలో మొదటిసారి ఎడమవైపుది పట్టుకుని చటుక్కున చెయ్యి లాగేసుకుంది.

"కాలిందా?" అన్నాడు పురెవ్.

"చల్లగా ఉంది. ఇది మీ అన్న పట్టుకునేది." అరచెయ్యి కోటుకు రుద్దుకుంది. "పురెవ్, రోజూ నన్నెందుకు పిలిచేవాడు? తన చేతులకు స్పర్శ లేదనేవాడు."

"స్పర్శ లేదా? అన్నకా?" పురెవ్ పగలబడి నవ్వాడు. "బాయిలర్ తలుపు ముందు చెయ్యి ఊపి ఎన్ని డిగ్రీలో చెప్పేవాడు. నా కారుకి రెండు గొట్టాలూ ఒక్కడే పట్టుకుని చూసేవాడు. ఎవరి చెయ్యీ అడగలేదే!"

హాండ్మా నుదురు కొట్టుకుంది. "ఇరవయ్యేళ్ళు! ఇరవయ్యేళ్ళ టీ చల్లారబెట్టాడు దొంగ! నాకు నేర్పడానికి. పైగా వేడిది నాకిచ్చి, చల్లది తను పట్టుకుని!" అని తనూ నవ్వింది.

ఒకటి వేడి, ఒకటి చల్లన. ఇక పాఠం దానంతటదే వచ్చేసింది. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు, అది చల్లారేలోపు రెండు గిన్నెల టీ తాగొచ్చు. ఇద్దరూ లోపలికెళ్ళి తాగారు. తరవాత గుడ్డ వేసి మూత తిప్పితే గొట్టాల్లో తిరగాల్సిన కూలెంట్ నీళ్ళు కనపడలేదు, వేలు పెట్టినా అందలేదు. తగ్గిన చోట గాలి చేరింది. ఎటు పోయిందని వెతికితే కింది గొట్టం పట్టీ దగ్గర పచ్చటి మరక. చలికి పట్టీ వదులైంది. స్క్రూడ్రైవర్‌తో బిగించింది. గేటు పక్క మట్టిదిబ్బ మీదికి కారు ముక్కు ఎక్కించింది. ఆ దిబ్బ గొంగోర్ పోసిందే. వాకిలి పాడుచేశావని ఆవిడ ఎన్నిసార్లు తిట్టిందో. గాలెప్పుడూ ఎత్తుకే పోతుందనేవాడు. హీటర్ నిండా తిప్పి, మూత తెరిచి ఉంచి, కూలెంట్ పోస్తూ ఇంజన్ వేసింది. గుడగుడమని ఒక బుడగ, ఆగి ఇంకోటి.

"పురెవ్, నీ చెయ్యి ఓసారి ఇటియ్యి! గొట్టాలు పిసకాలి."

"ఏది పట్టుకోను?"

"ఆ కుడివైపుది పట్టుకో. వెచ్చగా ఉంటుంది."

ఎడమది తను పట్టుకుంది. వేళ్ళు కొంకర్లు పోయాయి. వదల్లేదు. పిసికింది, పోసింది, పిసికింది. చాలాసేపటికి పెద్ద బుడగ ఒకటి భళ్ళుమంది. చేతిలో గొట్టం ముందు గోరువెచ్చగా, ఆనక వెచ్చగా, ఆనక పట్టుకోలేనంతగా అయింది. మూత బిగించింది. లోపల కూర్చుని కంత ముందు అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకుంది.

"ఎలా ఉంది వదినా?"

"ముందు సీటువాళ్ళను అడక్కూడదు."

ప్రయాణం క్షేమంగా సాగాలని బయల్దేరే కారు వెనకాల పాలు చిలకరించే మనిషి ఇదివరకు హాండ్మాయే. ఇప్పుడు చిలకరించడానికి ఎవరున్నారు? పురెవ్ గరిటెతో పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో పాలు అయిపోయాయని ఫ్లాస్కులో టీ తెచ్చాడు.

"పర్లేదు, చల్లు. రేడియేటర్లో మాత్రం పొయ్యకు" అంది హాండ్మా.

తిరుగుదారిలో వెనక సీట్లో నొమున్, ఒళ్ళో పిల్ల. గంట గడిచింది. అద్దంలో చూడాలని ఉన్నా హాండ్మా చూడలేదు, రోడ్డు మంచు కట్టి ఉంది. అంతలో వెనక నుంచి విసుగ్గా వినబడింది.

"అమ్మా, ఏంటీ ఉడుకు! కాస్త తగ్గించు. నేను కోటు విప్పేశాను, ఇది కాళ్ళతో దుప్పటి తన్నేస్తోంది."

"తగ్గించను" అంది హాండ్మా, చెవుల దాకా నవ్వుతూ.

పండగ ముందురోజు ఇల్లంతా కడిగింది. పొయ్యి మెరిసేలా తోమింది. బకెట్లో వేడినీళ్ళూ గుడ్డా పట్టుకుని కారెక్కింది. అద్దాలు, సీట్లు, స్టీరింగు, తలుపు పిడులు అన్నీ తుడిచింది. కంత పక్కన పోయినేటి నల్లటి అరచెయ్యి ఉంది, అయిదు వేళ్ళతో. గుడ్డ ముంచి, పిండి, ఆ ముద్ర చుట్టూ అంచు తగలకుండా జాగ్రత్తగా తుడిచింది. తరవాత మురికినీళ్ళు పారబోసి, గుడ్డ ఆరేసి, టీ వేడిగా ఉండగానే లోపలికి వెళ్ళింది.