నిరుటి పేపరు చదివాను

ఈ సాయంత్రం బేతంచెర్ల పఠన మందిరంలో తెలివితక్కువ పని చేశాను. ప్రపంచ రాజకీయాలు తనకొక్కడికే తెలుసనుకునే కార్యదర్శి చెన్నారెడ్డిని నలుగురిలో నవ్వులపాలు చేద్దామని, ఇంగ్లీషువాళ్లు సూయజ్ కాలువ కోసం ఈజిప్టు మీద బాంబులు వేసినప్పటి నిరుటి పేపరును ఇవాళ్టిదన్నట్టు పైకి చదివాను. ఒక్కరికీ అనుమానం రాలేదు.

చెన్నారెడ్డి ఎగిరి లేచాడు. "మన మిషన్ ఆసుపత్రి నర్సమ్మ కూడా ఇంగ్లీషుదే కదప్పా! ఇంకా ఈడ ఏం చేస్తాండాది? పాండి, తరిమేద్దాం!"

పదిమంది లేచారు. అందరికన్నా ముందు లేచినవాడు గనిలో రాళ్లు కొట్టే ఎల్లప్ప. పోయిన నెల అతని భార్యకు పురుడు పోసింది ఆ నర్సమ్మే.

నవ్వుదామనుకున్న నేను గబుక్కున లేచాను. "ఆగండప్పా! ఇది నిరుటి పేపరు. ఆ యుద్ధం ఎప్పుడో ఆగిపోయింది" అని తేదీ చూపించాను.

"పాతదైతే ఏమి సామీ? మేం ఇన్నింది ఇప్పుడే కదా!" అన్నాడు ఎల్లప్ప.

గుమ్మానికి అడ్డంగా కూర్చున్నాను. నాలాంటి ముసలివాణ్ణి తొక్కిపోలేక, తిట్టుకుంటూ ఆగారు. రేపటి రైలుకు కొత్త పేపరు వస్తుంది. దాన్ని పైకి చదివేది చెన్నారెడ్డి.

మీ ఊళ్లో ఎవరు చదువుతారు?