మారు ఆటగాడి వకీలు

కాజిమిర్ ద్రోజ్దెక్ లోకంలో ఎవరినైనా క్షమిస్తాడు గాని, చేత్తో బంతి విసిరి ఆడే అమెరికా ఫుట్‌బాల్‌లో మారు ఆటగాణ్ణి తక్కువ చేసిన మనిషిని మాత్రం క్షమించడు. బంతి విసిరే హీరో ఆయనకు అక్కర్లేదు. అవతలి జట్టు దూసుకొస్తుంటే గోడలా అడ్డుపడే రక్షణ వరుసలో, అసలువాడు రొప్పుతూ బయటికొస్తే లోపలికి దిగే రెండోవాడున్నాడే, వాడే ఆయన ఆరాధ్యదైవం.

పిత్తాశయం తీయించుకోవడానికి ఆపరేషన్ బల్ల మీద పడుకుని కూడా, "మీకు చెయ్యి నొప్పెడితే దిగే మారు డాక్టరెవరు? ఓసారి పిలవండి, నిలబడే తీరు చూస్తాను" అన్నాడట. మత్తుమందు మోతాదు పెంచారని వినికిడి.

లాకవానా ఉక్కు మిల్లులో యూనియన్ నడిపిన మనిషి. "అసలువాడికి కోట్లకు కాగితం రాసిస్తారు. ఈ రెండోవాణ్ణి వారం కూలికి పిలిచి, మోకాలు వాస్తే గెంటేస్తారు. మిల్లులో బదిలీ కార్మికుడి బతుకూ వీడి బతుకూ ఒకటి కాదంటే చెప్పండి!" అని లొరెయిన్ బారులో బల్ల గుద్దేవాడు. ఆయన చెయ్యెత్తగానే లొరెయిన్ ముందు గ్లాసులు పట్టుకునేది, తర్వాతే వాదన వినేది.

ఆ నవంబరులో ఊరి జట్టువాళ్లు మార్క్వెల్ టిబ్స్ అనే మారు ఆటగాణ్ణి తెచ్చుకున్నారు. పాత ఇనుము కొన్నారని రేడియోలో ఒకటే నవ్వులు. కాజిమిర్ ఫోన్ చేసి అరిచిన అరుపులకు పాటలు వేసుకుని తప్పించుకున్నారు.

శనివారం మధ్యాహ్నం సరస్సు మీంచి వచ్చిన మంచు రోడ్లను పూడ్చేసింది. లొరెయిన్ బారు ముందే ఒక కారు దిగబడింది. ఆ ఊళ్లో ఎవరి కారు దిగబడినా తాగుతున్న గ్లాసు కింద పెట్టి పార పట్టుకు రావాల్సిందే. కాజిమిర్, పోస్ట్‌మ్యాన్ నోర్బ్ తిట్టుకుంటూనే తవ్వారు. కారు మనిషి ఒక్కడే వెనకనుంచి తోసేశాడు. తర్వాత తలుపులో పక్కకు తిరిగి లోపలికొచ్చాడు.

"ఎటు ప్రయాణం నాయనా?" అంది లొరెయిన్, కజ్జికాయల్లాంటి పియెరోగి పళ్లెం ముందు పెడుతూ.

"జార్జియా. మా అమ్మ దగ్గరికి. ఇక్కడ పని కుదర్లేదండీ. రేపు చూసి ఎలాగూ పొమ్మంటారు. అనిపించుకోవడం ఎందుకని..."

నోర్బ్‌కి ఆ గొడవ పట్టలేదు. "రేపటి ఆటలో ఆ టిబ్స్ గాణ్ణి దింపారో, మన పని ఖాళీ!"

లొరెయిన్ గ్లాసులు పట్టుకుంది. బల్ల అదిరింది.

"నీకేం తెలుసురా, పక్కింటి ఉత్తరాలు మా ఇంట్లో వేసేవాడివి! పోయిన ఆటలో ఇద్దరు మీద పడితే అంగుళం కదిలాడా? వాళ్లనలా ఆపాడు కాబట్టేగా పక్కవాడు వెళ్లి బంతి విసిరేవాణ్ణి పడగొట్టి టీవీలో గంతులేశాడు!"

"తర్వాత బోర్లా పడ్డాడుగా!"

"పడ్డాడు. ఇంకొకణ్ణి కూడా లాక్కుని పడ్డాడు. ఒంటరిగా పడే రకం కాదు!"

కొత్త మనిషి చేతిలో ఫోర్కు ఆగింది. "అయితే... ఉంచుకోవాలంటారా అతన్ని?"

"పొమ్మంటే స్టేడియం ముందు బైఠాయిస్తాం. మిల్లు గేటు ముందు మంచులో కూర్చున్నవాళ్లం మేం!"

"వారం కూలివాడి కోసమా?"

"వాడి కోసం కాకపోతే ఇంకెవడి కోసమయ్యా? కోట్లవాడికి వకీళ్లు వేరే ఉన్నారు."

కొత్త మనిషి ఇంకో పళ్లెం అడిగాడు. ఆ తర్వాత మరొకటి. లేస్తుంటే లొరెయిన్ పేరడిగింది.

"మార్క్వెల్ అంటారండీ."

ఎన్ని గుద్దులకూ పగలని గ్లాసు అప్పుడు లొరెయిన్ చేతిలోంచి జారి బల్ల మీద పగిలింది. అతను బయటికెళ్లగానే అందరూ కిటికీ దగ్గరికి పరుగెత్తారు. కూడలిలో కారు కాసేపు ఆగింది. దక్షిణానికి పోకుండా స్టేడియం వైపు మళ్లింది.

"మూడు పళ్లేలు తిన్నాడు, నన్ను తినలేదు!" అని నోర్బ్ కుర్చీలో కూలబడ్డాడు.

లొరెయిన్ కాజిమిర్ వైపు తిరిగింది. "నీకు ముందే తెలుసు కదూ?"

"కారు తోస్తుండగానే. ఈ ఊళ్లో అంత వెడల్పు ఇంకెవడున్నాడు?"

"మరి తెలియనట్టు నటించావేం?"

"మొహం మీద పొగిడితే ఎవడు నమ్ముతాడు తల్లీ?"

"పోనీ, చెప్పిందంతా నిజమేనా?"

కాజిమిర్ బల్ల మీది గాజుపెంకులు ఏరాడు.

"సగం నిజం. మిగతా సగం రేపు వాడు చూసుకుంటాడు."